రెప్ప వాల్చని వంశం

వైశాఖమాసపు ఎండలు రాచగుండ్ల దుర్గం మీద నిప్పులు చెరుగుతున్న ఆ దినములలో, పడమటి బురుజు మీద నిలిచి నలుదిక్కులా చూచినవానికి నేల అన్నది కనబడేది కాదు. కనుచూపు మేర భైరవగిరి వారి డేరాలే, ఏనుగుల బారులే, ఎద్దుల చేత లాగించి తెచ్చిన రాళ్ళు రువ్వే యంత్రాలే. చెరువుగట్లు తెగగొట్టి, మామిడితోటలు నరికి పొయ్యిలో పెట్టుకొని, పండిన చేలలోనికి గుర్రాలను తోలి, భైరవగిరి ప్రభువు సింగదేవుడు వేసిన ఆ ముట్టడి మాఘంలో మొదలై నాలుగో నెలలో పడింది. అంతటి సైన్యమూ కోటగోడలో ఒక్క రాయినైనా కదల్చలేకపోయింది. లోపల గాదెల్లో ధాన్యం ఉంది, బావుల్లో నీళ్ళున్నాయి, అమ్ములపొదుల్లో బాణాలున్నాయి. లేనిదల్లా ఒక్కటే. కోటలో ఎవరికీ నిద్ర లేదు.

శత్రువు నిద్రపోనివ్వలేదనుకొంటారేమో, రామ రామ! ఆ శత్రువు పాపం పొద్దు గూకగానే గంజి తాగి, గుర్రాలకు దాణా పెట్టి, హాయిగా గురకలు తీసేవాడు. ఆ గురకలు గాలివాటున బురుజుల దాకా వస్తున్నాయని కావలిబంట్లు కడుపుమంటతో చెప్పుకొనేవారు. కోటకు నిద్ర లేకుండా చేసినవాడు కోటను కాచేవాడే. ఆయన రాచగుండ్ల దుర్గాధ్యక్షుడు, సర్వసేనాధిపతి, ఏటిగడ్డ కాచమనాయకుడు.

ఆయన ఆజ్ఞ ప్రకారం రాత్రి జాముజాముకూ భేరి మోగాలి. మోగగానే ప్రతి బురుజు మీదా పేరు పేరునా పిలవాలి, పిలిచిన ప్రతివాడూ "ఉన్నాను" అని గొంతెత్తి కేక పెట్టాలి. పలకనివాడికి కొరడాదెబ్బలు. ఇది రాజశాసనం కాదు, ఏ యుద్ధతంత్రంలోనూ ఉన్నది కాదు. ఏటిగడ్డ వారి ఇంటి ఆచారాన్ని తెచ్చి ఆ మహానుభావుడు కోట మొత్తం నెత్తిన రుద్దాడు.

ఆ ఆచారం పుట్టుక ఇది. కాచమనాయకుని తాత, పెద్ద కాచమ, ఒకానొకప్పుడు ఏటిగడ్డ కోటకు దొర. ఒక అమావాస్య రాత్రి కోట యావత్తూ ఆదమరచి నిద్రిస్తుండగా పగవారు నిచ్చెనలు వేసి గోడ ఎక్కి, మంచాల మీదివారిని మంచాల మీదనే నరికారట. వంశంలో మిగిలింది పెద్ద కాచమ, ఆయన చిన్నకూతురు, చంటికొడుకు, అంతే. ఆనాటినుంచి రాజ్యంలో యుద్ధం అన్న మాట పుట్టిందంటే చాలు, ఆ ఇంట మంచాలన్నీ ఎత్తి గోడకు నిలబెడతారు. మంచం నిలబెడితే అశుభమని లోకమంతా అంటుంది. వాళ్ళకు మాత్రం వాల్చిన మంచమే అశుభం. మగవాళ్ళు సిగలను దూలానికి తాడుతో కట్టుకొని, ఒడిలో కత్తి పెట్టుకొని కూర్చుంటారు. తల వాలితే సిగ గుంజుతుంది. జాముకొకసారి ఇంటి పెద్ద పేర్లు పిలుస్తాడు, ఉన్నాననాలి. ఆడవాళ్ళూ, పిల్లలూ కూడా.

ఏటిగడ్డను కాచమ కంటితో చూచి ఎరుగడు. అక్కడ చచ్చినవారి ముఖాలు తెలియవు. అయితేనేం, శత్రువు పొలిమేర దాటాడన్న కబురు చెవిన పడిన క్షణం నుంచి ఆయనకు కంటి మీద కునుకు ఉండేది కాదు. నడుము వాల్చితే చాలు, నిచ్చెన గోడకు తగిలిన చప్పుడు వినవచ్చేది. లేచి కత్తి దూసి చూస్తే ఏమీ ఉండదు. ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారే, ఆ మాట విన్నప్పుడల్లా ఆయనకు ఒళ్ళు మండేది. సుఖమెరగని నిద్ర గులకరాళ్ళ మీద పడుకొన్న బంటుకు వస్తుంది, బండిచక్రానికి ఆనుకొన్న తోలరికి వస్తుంది, సర్వసేనాధిపతికి మాత్రం రాదు!

నాలుగు నెలలు అలా గడిచేసరికి కళ్ళు ఆయనకే ద్రోహం చేయసాగాయి. ఒకనాడు గోడ కింద మేస్తున్న మేకలను చూచి కాల్బలం వచ్చిపడిందన్నాడు. కాగే నూనె కాగులకొద్దీ కుమ్మరించారు. తెల్లవారి చూస్తే వేగిపోయిన మేకలు. మరొకనాడు గాలికి ఊగే తాటిచెట్లకు నిప్పుబాణాలు వేయించాడు. బంట్లు ఎదుట తల వంచుకొని, పక్కకు తిరిగి నవ్వుకొన్నారు. నవ్వే ఓపికైనా లేనివాళ్ళు పగటిపూట బురుజుల నీడన నోళ్ళు తెరుచుకొని పడి ఉండేవారు.

అటువంటి ఒకానొక ఉదయం అక్కిదేవ మహారాజు కొలువు తీర్చాడు. ఇరవయ్యేళ్ళు నిండని ప్రభువు. మీసకట్టు కంటే ముందు ముట్టడి వచ్చిపడినవాడు. సింహాసనం మీద కూర్చొని ఆవలింత ఆపుకొనలేక చేతిరుమాలు అడ్డం పెట్టుకొంటున్నాడు. భేరి ఆయన పడకటింటికీ వినబడుతుంది మరి.

ముందుగా ఉపసేనాని గుండయ లేచి చేతులు జోడించాడు. నల్లని మనిషి, మాట పొదుపు.

"మహాప్రభూ, సేనాపతులవారి మీద ఫిర్యాదు చెప్పడానికి నేను రాలేదు. వారు నాకు కత్తి పట్టడం నేర్పిన గురువులు. కాని నిన్న తూర్పు బురుజు మీద ఒక బంటు నిలుచున్నచోటనే నిద్రపోయి కందకంలో పడి చచ్చాడు. శత్రువు మనలో ఎంతమందిని చంపాడో నిద్రలేమి అంతమందిని చంపేటట్టుంది. వంతులవారీగా సగం మందిని పడుకోనివ్వండి. ఇంతకు మించి అడగను."

కాచమనాయకుని ముఖం జేవురించింది. "పడుకోనివ్వాలా? పడుకొన్న కోటలు ఏమైపోయాయో నన్నడుగు గుండయా! మా వంశాన్నడుగు!"

ఇంతలో మహామంత్రి విద్దనామాత్యుడు చిరునవ్వుతో లేచి నిలిచాడు. పట్టుశాలువా, నుదుట గంధం, వెన్నపూస వంటి మాట.

"మహారాజా, ఉపసేనానిది కుర్రతనం. ఎవరి అప్రమత్తత వలన నాలుగు నెలలుగా మన ప్రాణాలు మన ఒంట్లో ఉన్నవో ఆ మహావీరుని నిద్రపొమ్మనడం కొరివితో తల గోక్కోవడమే. మా వేగులవారు తెచ్చిన వార్త విన్నవించుకొంటాను. ఈ వారంలోనే ఒక రాత్రి శత్రువు నిచ్చెనలు వేయబోతున్నాడు. ఏ రాత్రి అన్నది తెలియదు. కనుక ఏ రాత్రీ ఏమరరాదు. నాయకోత్తములకు 'నిర్నిద్రభీమ' అన్న బిరుదమిచ్చి గౌరవించడం ప్రభువులకు ధర్మమని నా మనవి."

మహారాజు ఇంకొక ఆవలింత మింగి, సరేనన్నాడు. బంగారు గండపెండేరం పళ్ళెంలో వచ్చింది. కాచమనాయకుని కళ్ళు చెమర్చాయి. ఇంట్లో భార్య విసుక్కొంటుంది, బంట్లు నవ్వుతారు, శిష్యుడు ఫిర్యాదు చేస్తాడు. తన బాధను బాధగా కాక వ్రతంగా చూచినవాడు ఈ లోకంలో విద్దన మంత్రి ఒక్కడే అనిపించింది. అందుకే కొలువు చాలించి వెళుతూ మంత్రి భుజం మీద చేయి వేసి, "నాయకోత్తమా, రేపు మిట్టమధ్యాహ్నం మా వేగువాడొకడు నీటిదిడ్డి గుండా లోనికి రావలసి ఉంది. ఆ తాళంచెవి ఒక్క పూటకు దయచేయించండి" అనగానే, మారుమాట లేకుండా మొలనుంచి తీసి చేతిలో పెట్టాడు. నీటిదిడ్డి అంటే దక్షిణపు గోడలో ఏటినీళ్ళు తెచ్చుకోవడానికి వదిలిన చిన్న తలుపు. మనిషి వంగితే కాని దూరలేడు.

గుండయ అది చూచి నోరు తెరిచాడు, మళ్ళీ మూసుకొన్నాడు. చెవిటివాని ముందు శంఖం ఎన్నిసార్లని ఊదుతాడు?

మధ్యాహ్నం భోజనానికి కాచమనాయకుడు ఇల్లు చేరాడు. గండపెండేరం చూపించి భార్యను మెప్పించాలన్న ఉబలాటంతో గడప దాటినవాడు, నడవలో అడుగు పెట్టి కొయ్యబారిపోయాడు.

గుంజకు ఆనుకొని మైలమ కూర్చొని ఉంది. ఎనిమిదేళ్ళ బిడ్డ, లేక లేక కలిగిన ఒక్కగానొక్క కూతురు. దూలం అందలేదు కాబోలు, గుంజకున్న చిలక్కొయ్యకు తాడు వేసి జడ కట్టుకొంది. ఒడిలో కత్తికి బదులు పప్పుగుత్తి. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి, పెదవులు పగిలి ఉన్నాయి. తల వాలింది, జడ గుంజింది, పిల్ల ఉలిక్కిపడి, ఎవరూ పిలవకుండానే, "ఉన్నాను" అంది.

"మైలమా! ఏమిటే ఇది?"

"మాట్లాడకు నాయనా. నేను పడుకొంటే వాళ్ళొస్తారు."

"ఎవరొస్తారు?"

"ఏటిగడ్డ వాళ్ళు. మంచాల మీదివాళ్ళను నరికేవాళ్ళు."

కాచమకు దుఃఖం రావలసిన చోట కోపం వచ్చింది. జడతాడు పట్టుకొని ముడి విప్పబోతే అది విడివడలేదు. "పడుకో! లే, వెళ్ళి పడుకో! నేను బతికుండగా నీకేం భయం? పడుకోమంటుంటే!" అని ఇల్లు అదిరేటట్టు అరిచాడు. అరిస్తే నిద్రపోయే పిల్ల ఎక్కడైనా ఉంటుందా! మైలమ బిక్కచచ్చి గుంజను కౌగిలించుకొంది.

వంటింటిలోంచి నాగసాని వచ్చింది. భర్త మాటకు ఎన్నడూ ఎదురాడని ఇల్లాలు, ఆనాడు తెడ్డు చేతపట్టుకొని ఎదుట నిలిచింది.

"దానిమీద అరుస్తారేం స్వామీ?"

"ఎవరు నేర్పారు ఈ పసిదానికి ఈ పాడుపని?"

"ఎవరు నేర్పాలి? మీరు నిద్రపోవడం అది ఏనాడైనా చూచిందా? మూడు రోజులయింది అది కన్ను మూసి. అన్నం నోట్లో పెడితే నమలడం మరచిపోతోంది. వైద్యుడు వచ్చి, ఇలాగే ఉంటే పిల్ల దక్కదన్నాడు. మీకు చెప్పడానికి నిన్న రెండుమార్లు మనిషిని పంపాను. సేనాపతులవారు తాటిచెట్లతో యుద్ధంలో ఉన్నారని తిరిగి వచ్చాడు. మీ ఆచారానికో దండం, మీ వంశానికో దండం! నా బిడ్డను నాకు దక్కించండి చాలు."

ఎవరినో ఒకరిని తిట్టకపోతే కాచమకు గుండె పగిలేటట్టుంది. నడవ మూల నులకపీట మీద కూర్చొన్న మేనత్త బాచసాని మీద పడింది ఆ కోపం. ఏటిగడ్డలో బతికి బయటపడిన ఆ చిన్నకూతురే ఆమె. పండు ముసలి.

"నీ పనే అత్తా! ఏటిగడ్డ కథ చెప్పి చెప్పి పిల్లను పిరికిదాన్ని చేశావు!"

"నేనా?" ముసలామె బోసినోట నవ్వింది, ఆ నవ్వులో సరదా లేదు. "ఒరే కాచా, నేను ఏనాడూ ఆ కథ చెప్పలేదు. చెప్పింది మా నాన్న. నేను ఇన్నేళ్ళూ ఊకొట్టానంతే. ఊకొట్టి ఊకొట్టి నా తమ్ముడు, మీ నాన్న, నలభై ఏళ్ళకే పిచ్చివాడై పోవడం చూచాను. నిన్ను చూస్తున్నాను. ఇప్పుడు దీన్ని. ఇక నావల్ల కాదురా. చచ్చిన తండ్రి పరువు కోసం బతికిన పిల్లను చంపుకోను."

"పరువేమిటి?"

"అది అమావాస్యా కాదు, రాత్రీ కాదు. మిట్టమధ్యాహ్నం. నాకప్పుడు మైలమంత వయసు. రాత్రిదాడి జరగబోతోందని మా మేనమామ వార్త తెచ్చాడు. అది నమ్మి మా నాన్న కోటలో ఒక్కరినీ పడుకోనివ్వలేదు. రాత్రి తరువాత రాత్రి. ఏ రాత్రీ ఎవరూ రాలేదు. చివరికి ఒకనాటి మధ్యాహ్నం, మా అమ్మ జొన్నసంకటీ గోంగూరపులుసూ వడ్డించింది. తిన్నవాళ్ళు తిన్నచోటే ఒరిగిపోయారు. చేతులైనా కడుక్కోలేదు. మా నాన్న కోటగుమ్మంలో కత్తి మీద చేయి వేసుకొని గురక పెడుతున్నాడు. వార్త తెచ్చిన మేనమామే ఆయన్ను దాటుకొని వెళ్ళి తలుపు తీశాడు. నేను మీ నాన్నను చంకనేసుకొని జొన్నపాతరలో దూరాను. గుమ్మంలో పడి ఉన్న మా నాన్నను చచ్చాడనుకొని వదిలేశారు. నిచ్చెనా లేదు, గోడా లేదు. పట్టపగలు గుమ్మంలో నిద్రపోయిన దొర అని లోకం ఉమ్మేస్తుందని మా నాన్న రాత్రి అని చెప్పుకొన్నాడు. చెప్పగా చెప్పగా తనూ నమ్మాడు. మనల్ని నిద్ర చంపలేదురా. నిద్రపోనివ్వకపోవడం చంపింది. తలుపు తీసినవాడు చంపాడు."

కాచమనాయకుడు నేలమీద చతికిలబడ్డాడు. తాతను తిట్టాలో, తన్ను తాను తిట్టుకోవాలో తెలియని మంట రేగింది. ఇన్నేళ్ళు! ఇన్ని రాత్రులు! కాపలా కాయవలసినది రాత్రినే కాదన్నమాట. ఆ మంటలోనే ఒక మాట చురుక్కుమని తగిలింది. రాత్రిదాడి వార్త తెచ్చినవాడు. తన కోటకు ఆ వార్తలు తెచ్చేది ఎవరు? మాఘం నుంచి ఈనాటి వరకు ప్రతి పక్షానికీ ఒక రాత్రిదాడి కబురు, ప్రతిదీ విద్దన మంత్రి ఇంటినుంచే. ఒక్కటైనా నిజమయిందా? రేపు మిట్టమధ్యాహ్నం. నీటిదిడ్డి.

అన్నం ముట్టకుండానే లేచి రాజమందిరానికి పరుగుపెట్టాడు.

అక్కిదేవ మహారాజు అప్పుడే కాస్త కునుకు తీస్తున్నాడు. లేపించారు. లేపించినది కాచమనాయకుడని వినేసరికి ప్రభువుకు సహనం నశించింది.

"ఏమిటి నాయకా, పగలూ లేపుతారా ఇక?"

కాచమ చెప్పవలసినదంతా చెప్పాడు. మంత్రి తలుపు తీయబోతున్నాడన్నాడు, శత్రువు రేపు మధ్యాహ్నం వస్తాడన్నాడు. మహారాజు ఆయన ఎర్రని కళ్ళలోకి చూచాడు.

"మొన్న మేకలు. నిన్న తాటిచెట్లు. నేడు మహామంత్రి. నాయకా, మీరు నా తండ్రిగారి కాలం నాటి వారు. మంత్రి ఇమ్మన్నాడని కాక, మీ మీది గౌరవంతోనే ఆ బిరుదమిచ్చాను. శత్రువు రాత్రి వస్తాడని నాలుగు నెలలు నన్ను నిద్రపోనివ్వలేదు. ఇప్పుడు పగలు వస్తాడంటున్నారు. రుజువేది?"

రుజువు! తన కళ్ళే తనకు రుజువు కానప్పుడు ప్రభువుకేం చూపగలడు? తాను వేసిన దొంగకేకలే ఇవాళ తన నిజాన్ని మింగేశాయి. కాచమనాయకుడు పళ్ళు నూరుకొని, మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"రుజువు లేదు మహాప్రభూ. ఒక్కటే వేడుకొంటాను. రేపు మధ్యాహ్నం భోజనం కాగానే దక్షిణపు మేడ కిటికీ దగ్గర ఒక్క ఘడియ కూర్చోండి. ఏమీ జరగకపోతే నా తల తీయించండి, భేరీ పగలగొట్టించండి."

"భేరి పగలగొట్టిస్తానంటే తప్పక కూర్చొంటాను" అన్నాడు మహారాజు విసుగ్గా, మళ్ళీ తలగడ మీద వాలుతూ.

ఆ సాయంకాలం కాచమనాయకుడు గుండయను పిలిచి, నడుమున ఉన్న సేనాధిపత్యపు కత్తి విప్పి రెండు చేతులతో అతని ముందు పెట్టాడు.

"గురుదేవా, ఇదేమిటి?"

"పట్టుకో. రేపు ఆజ్ఞ నీది. నేను నీ బంట్లలో ఒకణ్ణి. నా కళ్ళు లేనివాటిని చూస్తున్నాయి గుండయా. రేపు ఉన్నవాటిని చూడకపోతే? నా కళ్ళను నమ్మి కోటను పణంగా పెట్టలేను. నువ్వు చెప్పినది ఒక్కనాడైనా విని ఉంటే ఆ కందకంలో పడ్డ బంటు బతికేవాడు. ఈ రాత్రి భేరి ఎప్పటిలాగే మోగనియ్యి, మంత్రి వినాలి. 'ఉన్నాను' అని అరవడానికి బురుజుకిద్దరు చాలు. తక్కినవాళ్ళను పడుకోబెట్టు. రేపు మధ్యాహ్నం అందరూ నిద్ర నటించాలి."

గుండయ కత్తి అందుకొని గురువు పాదాలకు మొక్కాడు. "నటించడమెలాగో వాళ్ళకు తెలుసు దొరా, నాలుగు నెలలుగా మెలకువ నటిస్తున్నారు" అన్నాడు.

ఆ రాత్రి కాచమనాయకుడు తన ఇంట మంచాలన్నీ స్వయంగా వాల్చాడు. మైలమను పడుకోబెట్టి పక్కన కూర్చొన్నాడు. భేరి మోగినప్పుడల్లా పిల్ల కళ్ళు తెరిచింది. తానూ ఒరిగి చూచాడు, బోర్లా పడుకొని చూచాడు, ఎడమకు తిరిగాడు, కుడికి తిరిగాడు. ఊహూ. నిజం తెలిసినంత మాత్రాన ఒంట్లో పాతుకుపోయిన భయం సంచీ సర్దుకొని లేచిపోతుందా! కోటంతా గాఢనిద్రలో ఉంటే తండ్రీ కూతుళ్ళిద్దరూ దూలాలు లెక్కపెట్టారు.

మరునాడు మిట్టమధ్యాహ్నం. కాకి కూడా నీడ వెతుక్కొనే వేళ. నీటిదిడ్డి ముందటి ఆవరణలో బంట్లు ఎక్కడివాళ్ళక్కడ పడి ఉన్నారు. కొందరు నోళ్ళు తెరిచారు, ఒక ఘనుడు గురక కూడా పెట్టాడు. వాళ్ళ నడుమ గోడవార మామూలు బంటు వేషంలో కాచమనాయకుడు కళ్ళు మూసుకొని పడుకొన్నాడు.

అప్పుడు వచ్చిందండీ నిద్ర! నాలుగు నెలలు కాళ్ళు పట్టుకొని బతిమాలినా రానిది, కోట ప్రాణం ఆయన మెలకువ మీద వేలాడే క్షణంలో వరదలా ముంచుకొచ్చింది. రెప్పలు సీసపుగుండ్లయ్యాయి. ఓరి నీ అఘాయిత్యం కూలా అని తన దేహాన్ని తానే తిట్టుకొంటూ, పెదవి రక్తం కారేటట్టు కొరికి, అరచేతిలో గోళ్ళు గుచ్చుకొన్నాడు. తాత కూడా ఇలాగే, సరిగ్గా ఇలాగే, గుమ్మంలో పోరాడి ఓడిపోయి ఉంటాడని అప్పుడు తోచింది. ఆయన మీది కోపం కొంత జారిపోయింది.

తాళం తిరిగిన చప్పుడైంది. సన్నని సందులోంచి చూస్తే తలుపు తెరుచుకొంది, పట్టుశాలువా కనిపించింది, దాని వెనుక వంగి వంగి కత్తులు వస్తున్నాయి. నిజమేనా? మేకలు కావు కదా? పక్కనున్న బంటు చెవిలో ఊపిరితో అడిగాడు.

"ఒరే, వస్తున్నారా? నీకూ కనిపిస్తున్నారా?"

"కనిపిస్తున్నారు దొరా. చాలామంది."

ఆ మాటకు కాచమనాయకుడు పొందిన ఆనందం గండపెండేరం నాడు పొందలేదు. విద్దనామాత్యుడు నిద్రపోతున్న బంట్లను ఒక్కొక్కరినే దాటుతూ, శాలువా అంచు వాళ్ళకు తగలకుండా పైకెత్తి పట్టుకొని నడిచివచ్చాడు. ఆవరణ నడుమకు రాగానే గుండయ ఈల వేశాడు. చచ్చినట్టు పడి ఉన్న ఆవరణ మొత్తం ఒక్కసారి లేచి నిలబడింది.

రాత్రంతా కడుపునిండా నిద్రపోయిన బంట్లు వాళ్ళు. నాలుగు నెలల కసి చేతుల్లో ఉంది. కాచమనాయకుడు మాత్రం నేరుగా దిడ్డి దగ్గరకు దూకి, బయటినుంచి ఇంకా దూరుతున్నవారికి అడ్డం పడ్డాడు. ఆ ఇరుకు గుమ్మంలో ఒక్కొక్కడే వంగి రావాలి. వచ్చినవాడు వచ్చినట్టే ఒరిగాడు. ఒక ఈటె ఆయన ఎడమ భుజంలో దిగి, మొన వీపువైపుకు తేలింది. తూలి పడబోయి, తలుపుకే వీపు ఆన్చి, ఒంటి బరువంతా వేసి మూశాడు. బయటివాళ్ళు తలుపును గుద్దుతుంటే ప్రతి గుద్దూ భుజంలోని ఈటె మీద పడింది. గడియ పడేవరకు ఆ మనిషి కదలలేదు.

లోపల చిక్కినవారు ఆయుధాలు కింద పెట్టారు. విద్దన మంత్రిని తాళంచెవి చేతిలో ఉండగానే పట్టి, కిటికీ నుంచి అంతా చూచి దిగివచ్చిన మహారాజు ముందు నిలబెట్టారు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. అక్కిదేవ మహారాజుకు కోపం కంటే సిగ్గు ఎక్కువైంది.

"ఎందుకు చేశావు విద్దనా? నీకేం తక్కువ చేశాను?"

"భైరవగిరి వారు ఈ కోటను నాకే పాలించుకొమ్మన్నారు" అన్నాడు మంత్రి. వెన్నపూస కరిగిపోయి గొంతు గరగరలాడింది. కాచమనాయకుని వంక చూచి, "నీ భయమే నాకు పెట్టుబడి నాయకా. ఏటిగడ్డలో జరిగినది పట్టపగలని మా పెద్దలు చెప్పగా నేను ఎరుగుదును. నువ్వే ఎరగవనుకొన్నాను. నీకు చెప్పగలది మీ మేనత్త ఒక్కతే. ఆ ముసలిది ఇన్నేళ్ళు మూసిన నోరు ఇంకొక్క రోజు మూసి ఉంటేనా!" అని పళ్ళు కొరికాడు. బంట్లు అతన్ని చెరసాలకు ఈడ్చుకొని పోయారు.

కోటలో చొరబడగల దారి మూసుకుపోయిందని, మేటిబంట్లందరూ లోపల చిక్కారని తెలియగానే సింగదేవుని శిబిరంలో కలకలం పుట్టింది. పొద్దు వాలేవేళకు డేరాలు పీకడం మొదలయింది.

కాచమనాయకుణ్ణి పల్లకీలో ఇంటికి చేర్చారు. వైద్యుడు ఈటె తీసి కట్టు కట్టాడు. చేయి ఇక లేవదన్నాడు. నాగసాని కన్నీళ్ళు తుడుచుకొంటూ నీళ్ళు తాగించింది. మైలమ తూలుతూ వచ్చి తండ్రి పక్కన నిలబడి, కట్టు మీది నెత్తురు మరక వంక చూచింది.

"నాయనా, వాళ్ళొచ్చారా?"

అబద్ధం ఆడదామనుకొన్నాడు. అబద్ధాలతో ఈ ఇల్లు పడిన పాట్లు చాలుననుకొన్నాడు.

"వచ్చారు తల్లీ."

"రాత్రి వచ్చారా?"

"కాదు. పగలు. నేను చూచాను, అందరూ చూచారు. తలుపు మూసేశాం."

"నేను మేలుకొన్నందుకా?"

ఆ ప్రశ్నకు కాచమనాయకుని గుండె చెరువయింది. "కాదమ్మా. రాత్రి అందరూ పడుకొన్నందుకు. గుండయ్య మామ పడుకొన్నాడు, బంట్లు పడుకొన్నారు. పడుకొని లేచినవాళ్ళే గెలిచారు. నువ్వూ నేనే ఉత్తినే మేలుకొన్నాం."

పిల్ల మంచమెక్కి తండ్రి తొడ మీద తల పెట్టి, "అయితే మరి మంత్రిగారు..." అని ఏదో అడగబోయి, ఆ మాట సగంలో ఉండగానే నిద్రపోయింది.

అంతలో వీధిలో కోలాహలం. అక్కిదేవ మహారాజు దివిటీలతో, ఛత్రచామరాలతో, సామంతులతో స్వయంగా సేనాపతి ఇంటికి వస్తున్నాడు. పక్క ఏనుగు మీద విజయభేరి. వాయించేవాడు కోలలు పైకెత్తాడు. ప్రభువు గడప దాటి లోనికి అడుగు పెడుతూ, కొలువులో మాట్లాడే కంఠంతో ప్రారంభించాడు.

"ఏటిగడ్డ కాచమనాయకా! మిమ్ము శంకించిన మా అవివేకానికి..."

మహారాజు ఎదుట నిలబడకపోవడం నేరం. మాటకు అడ్డం రావడం అంతకంటె పెద్ద నేరం. కాచమనాయకుడు లేవలేదు. మంచిగా ఉన్న చేతి చూపుడువేలు పెదవుల మీద పెట్టాడు.

"ష్! క్షమించాలి మహాప్రభూ. మెల్లగా. పాప ఇప్పుడే పడుకొంది."

సామంతులు గుడ్లప్పగించారు. నాగసాని నోటికి కొంగు అడ్డం పెట్టుకొంది. మహారాజు ఆ ఎర్రని కళ్ళను చూచాడు, తొడ మీది ముఖాన్ని చూచాడు. వెనుకకు తిరిగి చేయి ఎత్తి భేరివాణ్ణి ఆపాడు. దివిటీలను వీధిలోకి పంపించాడు. పాదుకలు విడిచి, చప్పుడు కాకుండా వచ్చి, బాచసాని పక్కన నులకపీట మీద కూర్చొన్నాడు.

"ఎంతసేపయింది?" అని గుసగుసగా అడిగాడు.

"ఇప్పుడే ప్రభూ."

"పోనీయండి. తెల్లవారి మాట్లాడుకొందాం."

ఆ సాయంకాలం రాచగుండ్ల దుర్గంలో విజయభేరి మోగలేదు. కాచమనాయకుడు, తొడ మొద్దుబారిపోతున్నా, భుజం మంటలెత్తుతున్నా, కూతురు లేస్తుందేమోనని కదలకుండా తెల్లవార్లూ మేలుకొనే ఉన్నాడు.